దెబ్బ తగలనోడికి వీరతాడెందుకు?

హీరో కారు దిగుతున్నాడు.

ముందు బూటు దిగింది. బూటు కింద దుమ్ము లేచింది. ఆ దుమ్ము తీరుబడిగా పైకెగిరి, మనవైపు తిరిగి, తన వంతు చప్పట్లు అందుకుని మళ్ళీ నేలమీద సర్దుకుంది. ఈలోపు నేను కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, తిరిగి పెట్టుకున్నాను. హీరో ఇంకా మోకాళ్ళ దాకానే వచ్చాడు.

పక్కసీట్లో మా మేనల్లుడు ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు. ముందు వరసలో ఇంకో పదిమంది ఫోన్లెత్తారు. పెద్ద తెర మీది హీరోని అరచేతిలో తెరలోంచి చూడ్డానికి వీళ్ళంతా డబ్బు కట్టి లోపలికొచ్చారు. నేను పాతకాలం వాణ్ణి కనక వాచీ చూసుకున్నాను.

లెక్క ఇలా తేలింది. తెర మీద బొమ్మ సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. కెమెరాలో సెకనుకి 120 ఫ్రేములు తీసి, 24 చొప్పున వదిలితే ఒక్క సెకను ఐదు సెకన్లవుతుంది. కారు దగ్గర్నించి గోదాము తలుపుకి ఇరవై అడుగులుంటుంది. మా వీధి చివర కిళ్ళీకొట్టుకి నేను నడిచే నడకతో అయితే పది సెకన్ల పని. ఆయనకి యాభై పట్టింది. సెకనుకి వెయ్యి ఫ్రేములు తీసే కెమెరాలు కూడా ఉన్నాయి. వాటితో తీసుంటే అదే దూరానికి ఏడు నిమిషాలు నడిచేవాడు. లోపలున్న రౌడీలు భోజనం చేసి, చేతులు కడుక్కుని, ఎవరిళ్ళకి వాళ్ళు పోయేవాళ్ళు.

ఆ సినిమా పేరు చెప్పను. భయమా అంటే, కొంచెం ఉంది. అభిమానులకి నా ఫోన్ నంబరు దొరకడం ఎంతసేపు? కానీ అసలు సంగతి వేరు. పేరు చెప్పక్కర్లేదు. గడ్డం ఉంటుంది. గోదాము ఉంటుంది. బొగ్గుపొడి చల్లినట్టు ఆకాశం ఉంటుంది. ఓడరేవో, గనో, అడవో ఏదో ఒక సామ్రాజ్యం ఉంటుంది. ఆ సామ్రాజ్యానికి ఎవడికీ లెక్క చెప్పని రాజు ఒకడుంటాడు. మీరు ఈమధ్య చూసిన సినిమా ఏదైనా సరే, అదే ఇది.

*

మా అక్కయ్య కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారాంతానికి విజయవాడ వచ్చి, "మావయ్యా, ఇది థియేటర్లోనే చూడాలి, ఓటీటీలో ఆ కిక్కు రాదు" అని నన్ను ఒక మల్టీప్లెక్స్‌కి లాక్కుపోయాడు. టిక్కెట్టు వాడే కొన్నాడు. ధర నాకు చెప్పలేదు. పెద్దవాళ్ళ దగ్గర దాచవలసినవి దాచడం మా ఇంట్లో పిల్లలకి చిన్నప్పట్నించీ అలవాటే.

కానీ ఎంతుంటుందో ఊహించగలను. పెద్ద సినిమా అనగానే టిక్కెట్టు పెంచుకోమని ప్రభుత్వమే జీవో ఇస్తుంది. ‘పుష్ప 2’ కి 2024 డిసెంబరు 4 రాత్రి వేసిన ముందస్తు ఆటకైతే తెలంగాణలో టిక్కెట్టు మీద అదనంగా 800 రూపాయలకి అనుమతి వచ్చింది. కందిపప్పు ధర పెరిగితే రోడ్డెక్కుతాం. హీరో ధర పెరిగితే కాలరెగరేస్తాం.

గుమ్మం దగ్గర సెక్యూరిటీ కుర్రాడు నా సంచిలో చెయ్యిపెట్టి మరమరాల ఉండ పట్టుకున్నాడు. దొంగసొత్తు దొరికినట్టు పైకెత్తి చూపించి డబ్బాలో వేశాడు. వాడి తప్పేం లేదు. బయటి తిండి ఆపే హక్కు హాలు యజమానికి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది. తాగే నీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. కనక ఉచితంగా నీళ్ళు తాగి లోపలికెళ్ళి, మూడు గంటల్లో కొన్ని వందల తుపాకులూ, నాలుగైదు ఫిరంగులూ, ఒక హెలికాప్టరూ చూశాను. అన్నిటినీ లోపలికి రానిచ్చారు. మరమరాల ఉండే ప్రమాదకరమని తేలింది.

మేనల్లుడు బకెట్టంత డబ్బాలో కారమెల్ పాప్‌కార్న్ కొన్నాడు. 2024 డిసెంబరులో జైసల్మేరులో జీఎస్టీ మండలి కూర్చుని ఈ పాప్‌కార్న్ మీద తర్కం చేసింది. అప్పటి లెక్కలో, ఉప్పూకారం వేసి విడిగా అమ్మితే 5 శాతం. పేరు అచ్చేసిన ప్యాకెట్లో కడితే 12 శాతం. పంచదార పాకం పడితే అది మిఠాయి జాతిలోకి పోతుంది కనక 18 శాతం. అప్పుడందరం నవ్వుకున్నాం. సినిమా చూశాక నాకు నవ్వు రాలేదు. వేయించిన మొక్కజొన్న పేలాలకే మూడు స్వభావాలున్నాయని దేశం ఒప్పుకుంది. మూడు గంటలు తెర మీదున్న కథానాయకుడికి ఒక్కటే స్వభావం.

*

"లాజిక్ చూడకు మావయ్యా, ఎలివేషన్ చూడు" అన్నాడు వాడు, హీరో చివరికి గోదాములో అడుగుపెట్టాక.

ఎలివేషన్ అంటే నాకు తెలుసు. మా వీధిలో బిల్డర్లు రోజూ వాడే మాట. అపార్టుమెంటు ముందువైపు గోడకి అద్దాలూ టైల్సూ అంటించి, రంగు లైట్లు పెట్టి, "ఎలివేషన్ ఎలా ఉంది సార్?" అంటారు. బ్రహ్మాండంగా ఉందంటాం. వానాకాలం వచ్చాక పడగ్గదిలో బకెట్టు పెట్టుకుంటాం. సినిమావాళ్ళు ఈ మాటని బిల్డర్ల దగ్గర అప్పు తెచ్చుకున్నారో, బిల్డర్లే సినిమావాళ్ళ దగ్గర నేర్చుకున్నారో తెలీదు. ఇద్దరి పనితనమూ ఒక్కటే. ముందు గోడ అదిరిపోతుంది. వెనక్కి వెళ్ళకూడదు.

తెర మీద ఎలివేషన్ ఎలా కడతారో చూడండి. హీరో ఏమీ చెయ్యడు. ఆయన ఏం చెయ్యగలడో మిగతావాళ్ళు చెబుతారు. జైల్లో ముసలివాడు కొత్త ఖైదీకి చెబుతాడు. టీకొట్టువాడు పోలీసుకి చెబుతాడు. పోలీసు మంత్రికి చెబుతాడు. మంత్రి చెమట తుడుచుకుంటాడు. చివరికి విలన్ కూడా, తనని చంపడానికొస్తున్న మనిషి గురించి తన మనుషులకే పావుగంట ఉపన్యాసం ఇస్తాడు. "వాడు తుపాను, వాడు నిప్పు, వాడు మృత్యువు." అంత తెలిసినవాడు ఊరొదిలిపోవచ్చు కదా? పోడు. జీతం తీసుకునే భట్రాజు ఉద్యోగం అది. పూర్వం రాజులు భట్రాజుల్ని పోషించేవాళ్ళు. ఇప్పుడు విలన్లే ఆ పని చేసుకుంటున్నారు, ఖర్చు కలిసొచ్చింది.

ఈ పొగడ్తకి కింద వాద్యఘోష ఒకటుంటుంది. ఆర్‌ఆర్ అంటారు. ఎనభైమంది మగవాళ్ళు గుహలో కూర్చుని సంస్కృతంలాంటి భాషలో అరుస్తుంటారు. అర్థం అడక్కూడదు. హీరో తలుపు తోస్తే అరుస్తారు, అగ్గిపుల్ల గీస్తే అరుస్తారు, అమ్మ పెట్టిన ముద్ద మింగితే కూడా అరుస్తారు. కుర్చీ అదిరి నా పక్కటెముకలు కదిలాయి. "చూశావా, గూస్‌బంప్స్!" అన్నాడు మేనల్లుడు. చలికో చప్పుడుకో రోమాలు లేస్తే అది పులకింత అని ఎవరు చెప్పార్రా నీకు? మా ఇంటి పక్కన బోరు వేసినప్పుడు కూడా నాకు అలాగే లేచాయి.

*

ఇక పోరాటం.

గోదాములో అరవైమంది ఉన్నారు. హీరో ఒక్కడు. ఈ అరవైమందికున్న క్రమశిక్షణ నేను రేషన్‌షాపు దగ్గర చూడలేదు, తిరుమల క్యూలో చూడలేదు. ఒకడి తరవాత ఒకడే వస్తాడు. ముందువాడి పని పూర్తయ్యేదాకా వెనకవాడు గొడ్డలి ఊపుతూ, కాలు మార్చుకుంటూ నిలబడతాడు. తుపాకీ ఉన్నవాడు తుపాకీ పారేసి కత్తి తీస్తాడు, మర్యాద కోసం. వంతు రాగానే పరిగెత్తుకొచ్చి, ఒక గుద్దు అందుకుని, రేకుల కప్పు చీల్చుకుని పైకి పోతాడు. గళ్ళచొక్కావాడు ఒకడు మూడుసార్లు చచ్చాడు. నేను గుర్తుపట్టాను. మూడోసారి చచ్చేటప్పుడు వాడి మొహంలో కొంచెం విసుగు కూడా కనబడింది.

ఇదంతా ఎక్కడ చూశానబ్బా అని ఆలోచిస్తే తట్టింది. బాజాలు, పొగ, పూలజల్లు, ఒక్కడి కోసం అందరూ ఎదురు రావడం, ఫొటోలవాడు చుట్టూ తిరగడం. ఇది ఎదుర్కోలు. రౌడీలంతా ఆడపెళ్ళివారు. పెళ్ళికొడుకుని లోపలికి తోడ్కొని వెళ్ళడానికొచ్చారు. ఎవరు గెలుస్తారో అందరికీ ముందే తెలిసినదాన్ని మా ఊళ్ళో తగాదా అనరు, శుభకార్యం అంటారు.

మనవాళ్ళకి పోట్లాట చూడ్డం రాక కాదు. సంక్రాంతికి భీమవరం వైపు వెళ్ళండి. కోడిపందేనికి చట్టం ఒప్పుకోదు, పండగ ఒప్పుకుంటుంది. అది వేరే గొడవ. ఆ బరిలో రెండు కోళ్ళకీ కత్తి కడతారు. అందుకే చుట్టూ ఉన్న జనం రెప్ప వెయ్యరు. ఒక కోడికి కత్తి కట్టి, రెండోదానికి కాళ్ళు కట్టేసి దింపితే పందెం కాసేవాడు ఒక్కడు దొరకడు. నిర్వాహకుణ్ణి అక్కడే తంతారు. సినిమాలో మాత్రం ఆ పందేనికి వందల కోట్లు కాస్తున్నాం.

1954లో జపానులో అకిరా కురొసావా ‘సెవెన్ సమురాయ్’ తీశాడు. ఊరి మీద పడే దొంగలు నలభైమంది. కాపలాకి ఏడుగురు. వాళ్ళ నాయకుడు కాగితం మీద సున్నాలు గీసుకుంటాడు. ఒక్కో దొంగ పోయినప్పుడల్లా ఒక సున్నా కొట్టేస్తాడు. అంతే, ఇంకేం అక్కర్లేదు. అక్కణ్ణించి సినిమా చూసేవాడు కూడా మనసులో సున్నాలు కొట్టేస్తుంటాడు. ఇంకా ఎంతమంది మిగిలారు? మనవాళ్ళెంతమంది? చివరికి ఏడుగురిలో మిగిలేది ముగ్గురు. ప్రతి చావుకీ ఖాతా ఉంది.

మన దగ్గర కూడా ఖాతా రాసినవాళ్ళున్నారు. 2009లో ‘మగధీర’ లో వందమందితో యుద్ధం. వంద అని ముందే చెప్పి, వందా లెక్కపెట్టించారు. ఆ లెక్క పూర్తయ్యేసరికి హీరో ఒళ్ళు చీలికలైంది, ఆ జన్మకి ప్రేమ కూడా దక్కలేదు. హాల్లో జనం చప్పట్లు కొట్టింది ఆ నష్టం చూసి. తరవాత వచ్చినవాళ్ళు ఒళ్ళు చీలికలవడం వదిలేసి వందని మాత్రం తీసుకున్నారు. వంద రెండొందలైంది, రెండొందలు ఊరైంది. ‘కేజీఎఫ్’ రెండో భాగంలో హీరో మెషిన్‌గన్నుతో పోలీసు స్టేషన్ని పేల్చేసి, కాలి ఎర్రబడిన తుపాకీ గొట్టానికి సిగరెట్టు అంటించుకుంటాడు. నేనూ ఈల వేశాను, అబద్ధమెందుకు. కానీ ఈల వేశాక ఒక్కసారి కూడా "అయ్యో, ఇప్పుడు వీడికేమవుతుందో" అనుకోలేదు. సిగరెట్టుకే ఎక్కువ ప్రమాదం కనబడింది.

*

ఒక్క నిమిషం హాస్యం పక్కన పెడతాను.

ఆ గళ్ళచొక్కావాడికి నడుం చుట్టూ బెల్టు ఉంటుంది, దానికి తాడుంటుంది. ఫైట్ మాస్టర్ చెయ్యి ఊపగానే అవతల కొందరు ఒక్కసారి లాగుతారు. వాడు వెనక్కి పోయి అట్టపెట్టెల మీదో, పరుపు మీదో, తప్పితే నేలమీదో పడతాడు. తరవాత కంప్యూటర్లో తాడు చెరిపేస్తారు. తాడుతో పాటు వాడి పేరూ చెరిగిపోతుంది. హీరోకి తగలాల్సిన దెబ్బలన్నీ ఈ దేశంలో వీళ్ళు తింటున్నారు. ఆస్కారు వాళ్ళు కూడా స్టంట్ డిజైన్‌కి అవార్డు పెట్టేసరికి నూరో వేడుక వస్తోంది. 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలవుతుందట.

ఇందాక చెప్పిన డిసెంబరు 4 రాత్రే, హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆ ముందస్తు ఆట దగ్గర తొక్కిసలాట జరిగి ఒక మహిళ చనిపోయింది. ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆసుపత్రి పాలయ్యాడు. మనిషి ఒళ్ళు ఎంత సులువుగా నలుగుతుందో, ఊపిరి ఎంత తొందరగా ఆగుతుందో తెలియడానికి ఏ గ్రాఫిక్సూ అక్కర్లేదు. తెర మీద వందమంది మీదపడినా నలగని ఒంటిని రోజూ చూస్తుంటే, పక్కవాడి ఒళ్ళు కూడా అలాంటిదేననుకుంటామేమో అని నా భయం.

*

"నీకు ముసలితనం వచ్చింది మావయ్యా" అన్నాడు మేనల్లుడు ఇంటర్వెల్లో. ఇంటర్వెల్ బ్యాంగ్ పడి అప్పటికి రెండు నిమిషాలైంది, నా చెవిలో ఇంకా పడుతూనే ఉంది. "పాతవాటిల్లో బడ్జెట్ ఎక్కడుంది? వీఎఫ్‌ఎక్స్ ఎక్కడుంది?"

సరే, పాతవాటి సంగతే మాట్లాడుకుందాం. 1957. ‘మాయాబజార్’. కె.వి. రెడ్డి డైరెక్షను, మార్కస్ బార్ట్లే కెమెరా. పెళ్ళివారి వంటలశాలలో ఘటోత్కచుడు కూర్చుంటే లడ్డూలు వాటంతటవే లేచి వచ్చి నోట్లో పడతాయి. కంప్యూటరు లేదు. ఆ లడ్డూకి బరువెక్కణ్ణించి వచ్చిందో తెలుసా? ఎస్వీ రంగారావు దవడలోంచి. లడ్డూ వచ్చి పడినప్పుడు ఆయన మెడ, బుగ్గ, కళ్ళు కలిసి దాన్ని అందుకుంటాయి. మింగాక వచ్చే ఆనందం అరక్షణం ఆలస్యంగా వస్తుంది. ఆ అరక్షణంలో ఉంది లడ్డూ. ఇప్పుడు ఆకుపచ్చ గుడ్డ కట్టిన గదిలో హీరో గాలిని గుద్దుతాడు. ఆర్నెల్ల తరవాత ఎక్కడో ఎవరో అక్కడొక జీపు గీస్తారు. జీపు గాల్లో పదిపల్టీలు కొడుతుంది. గుద్దినవాడి భుజం కదలదు. లడ్డూపాటి బరువు లేని జీపులు.

విఠలాచార్య గారికైతే బడ్జెట్ అనే మాటే కిట్టదు. ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. కాల్షీట్ల దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి ఆయన బతిమాలేవాడు కాదట. కథలో మునిచేత శాపం ఇప్పించి మేకనో చిలకనో చేసి షూటింగు సాగించేవాడట. నిజమో కాదో గాని, ఇవాళ ఆ పద్ధతి మళ్ళీ తెస్తే సగం సినిమాలు ఖర్చు తగ్గి బాగుపడతాయి. మేక అయితే కనీసం మామూలు వేగంతో నడుస్తుంది.

ఇక నా వయసు సంగతి. 1989 అక్టోబరులో ‘శివ’ చూసినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. తీసిన రామ్‌గోపాల్ వర్మ ఈ విజయవాడలోనే ఇంజినీరింగు చదివినవాడు. ఆ కాలేజీ గొడవలు మాకు తెలిసిన గొడవలే. అందులో నాగార్జున సైకిలు చైను లాగడం అందరికీ గుర్తే. సైకిలు చైను అంటే ఏమిటి? నూనె మరకలతో చేతికి అంటుకునే, ఎప్పుడూ సమయానికి ఊడిపోయే, ప్రతి కుర్రాడూ వంగి ఎక్కించుకున్న వస్తువు. అది ఆయుధమయ్యేసరికి హాలు బయట స్టాండులో ఉన్న మా సైకిళ్ళన్నీ మాకు కొత్తగా కనబడ్డాయి. దానికెంత ఖర్చయి ఉంటుంది? చైను ఖరీదు.

కానీ నాకు చైను కన్నా ఇంకో ముక్క ఇష్టం. అన్నగారి చిన్నపిల్లని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని హీరో సందుల్లో పడి తొక్కుతుంటాడు. వెనక కారు. హీరో పారిపోతున్నాడు! పిల్ల ఉంది కనక తిరగబడలేడు. తిరగబడలేడు కనక మా కాళ్ళు మాకు తెలీకుండానే కుర్చీ కింద పెడళ్ళు తొక్కాయి. సందు ఎంత ఇరుకో తెలుసు, కారు ఎంత దూరంలో ఉందో తెలుసు, పిల్ల ఎంత చిన్నదో తెలుసు. ఇవి మూడూ తెలిస్తే గుండె దానంతటదే కొట్టుకుంటుంది. గుహలో ఎనభైమంది అరవక్కర్లేదు.

ఇవాళ్టి ఫైట్లో ఆ మూడూ తెలియవు. ఒక షాట్‌లో చెయ్యి లేస్తుంది, రెండోదాంట్లో దుమ్ము, మూడోదాంట్లో ఎవడో మిద్దె మీదున్నాడు. చెయ్యి ఎవరిది, మిద్దె ఎక్కడిది అని అడిగేలోపు నాలుగోది. వేగంగా కత్తిరించడం తప్పని నేననను. 2015లో వచ్చిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ లో రెండువేల పైచిలుకు కట్లున్నాయి. చూడవలసినదాన్ని ప్రతిసారీ తెర నడిమధ్యనే ఉంచుతూ పోయారు కనక కన్ను తడబడదు. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్‌కి ఆస్కారు ఊరికే ఇవ్వలేదు. మనవాళ్ళ కట్లు అలా కాదు. బట్టల కొట్టువాడు చిరుగున్న చోట మడత పెట్టి చూపించినట్టుంటాయి.

"అయితే రాజమౌళి కూడా వేస్టేనా?" అన్నాడు వాడు, ఇక నన్ను పట్టేశాననుకుని.

అక్కడే ఉందిరా అసలు కీలకం. ‘బాహుబలి’ రెండో భాగం చివర్లో తాటిచెట్లు వంచి, డాళ్ళు కప్పుకున్న సైనికుల్ని కోటగోడ మీదుగా విసిరినప్పుడు నేను కూడా నవ్వాను. నవ్వుతూనే, గోడ ఎంత ఎత్తుందో చూసుకున్నాను. ‘ఆర్ఆర్ఆర్’ లో వంతెన దగ్గర మాటల్లేకుండా ఇద్దరూ చేతులతో సైగలు చేసుకుంటారు. తాడెక్కడ, గుర్రమెక్కడ, మోటారుసైకిలెక్కడ, నీళ్ళలో కుర్రాడెక్కడ, దూకకముందే మనకన్నీ తెలుసు. నమ్మశక్యం కాని పనికి నమ్మదగిన పటం వేసిచ్చాడు.

కానీ ఈ శతాబ్దంలో తెలుగుతెరకి దొరికిన గొప్ప యాక్షన్ హీరో ఎవరో తెలుసా? గడ్డం లేదు. సిక్స్‌ప్యాక్ లేదు. ఒక్క డైలాగు చెప్పడు. 2012లో వచ్చాడు. ఈగ.

నవ్వకండి. ఆ హీరోని చంపడానికి గోదాము నిండా మనుషులక్కర్లేదు, రెండు అరచేతులు చాలు. చప్పట్లు కొడితే చచ్చిపోయే హీరో! నీటిబొట్టు గండం, ఫ్యాను గండం, మడిచిన పేపరు గండం. ఎదురుగా సుదీప్ అంత మనిషి, వాడికి డబ్బూ తుపాకీ మంత్రగాడూ అన్నీ ఉన్నాయి. ఈగకున్నవల్లా పగ, రెక్కలు. అందుకే ఆ విలన్ నిద్రపోలేక చెంపలు వాయించుకుంటుంటే మనం ఒక పురుగు పక్షాన నిలబడి ఊపిరి బిగబట్టాం. ఇంట్లో అదే పురుగుని చీపురుతో కొట్టేవాళ్ళం. గ్రాఫిక్సుకి డబ్బు పెట్టారు, నిజమే. ఆ డబ్బంతా హీరోని చిన్నవాణ్ణి చెయ్యడానికి పెట్టారు. మిగతావాళ్ళు పెద్దవాణ్ణి చెయ్యడానికి తగలేస్తున్నారు. తేడా అంతే.

వాడు మాట్లాడలేదు. ఫోన్లో కలెక్షన్లు చూసుకుంటున్నాడు. నైజాంలో ఎంత, సీడెడ్‌లో ఎంత, ఓవర్సీస్ ప్రీమియర్లకి ఎంత, బ్రేక్ ఈవెన్ ఎప్పుడు, అన్నీ కంఠస్థం. మా అక్కయ్య ఇంటి కరెంటు బిల్లు ఎంతొస్తుందో వాడికి తెలీదు. గ్రాస్‌కీ షేర్‌కీ తేడా మాత్రం నాకు బొమ్మ గీసి చెప్పాడు. "ఇందులో నీకెంత వస్తుందిరా?" అన్నాను. నన్ను జాలిగా చూశాడు.

*

రెండో సగంలో హీరోకి దెబ్బ తగిలింది.

తప్పుగా అనుకోకండి, శత్రువు చేతిలో కాదు. సెంటిమెంటు చేతిలో. అమ్మ పోయింది. హీరోయిన్ అంతకుముందే రెండు పాటలు పాడి ఎటో పోయింది, ఎవరూ వెతకలేదు. కంటికొసని ఒక్క బొట్టు నిలబడి, 120 ఫ్రేముల చొప్పున జారింది. అది చుబుకం చేరేలోపు నాకు చిన్న కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి క్లైమాక్సు. ఓడరేవు తగలబడుతోంది. ఇంకో రెండొందలమంది బారులు తీరారు. హీరో భుజాన ఒక లంగరు మోసుకొస్తున్నాడు. ఓడ లంగరు. గుహలో గాయకులు గొంతు చించుకుంటున్నారు. హాల్లో ఫోన్ల వెలుగులు అక్కడక్కడా. ఎవరో ఆవలించారు.

అప్పుడు నా కాలి పక్కనించి మెత్తగా ఏదో పోయింది.

నేను ఊపిరి బిగబట్టాను. ఎఫ్ వరసలో ఒకావిడ కెవ్వుమంది. "ఎలుక!" అన్నారెవరో. ఒక్క క్షణంలో ఎఫ్ వరసలో కాళ్ళన్నీ పైకి లేచాయి. తరవాత జీ వరస. తరవాత మాది. అది ఎటు పోతోందో కేకల్ని బట్టి తెలుస్తోంది. అరుపు ఎడమనించి కుడికి, కుడినించి మెట్లవైపు. మామూలు వేగం, సెకనుకి 24 ఫ్రేములే. హీరో నడకని వీడియో తీసిన ఫోన్లన్నీ టార్చీలై నేలకి దిగాయి. ఒకాయన చెప్పు విసిరాడు, తప్పింది. ఇంకొకాయన బ్యాగు విసిరాడు, అదీ తప్పింది. మూడు గంటల్లో ఒక్కసారి కూడా ఉలిక్కిపడని మా మేనల్లుడు సీటెక్కి గొంతుక్కూచుని, నా భుజం పట్టుకుని, "మావయ్యా, కాళ్ళెత్తు, కాళ్ళెత్తు!" అని అరుస్తున్నాడు. వాడి చేతి మీద రోమాలు లేచి ఉన్నాయి. ఈసారి చప్పుడుకి కాదు.

అది మెట్ల దగ్గర టార్చి వెలుగులో అరక్షణం ఆగింది. ఒంటరిది. ఆయుధం లేదు. ఎదురుగా రెండొందలమంది నిజంగా చంపాలనుకుంటున్నవాళ్ళు. మీసం కదిలింది. నోట్లో ఒక కారమెల్ పాప్‌కార్న్ గింజ. చటుక్కున తెర కింది చీకట్లోకి దూకింది, మాయం. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

తల ఎత్తి చూస్తే తెర మీద విలన్ అప్పటికే చచ్చి ఉన్నాడు. ఎలా చచ్చాడో ఎవరూ చూడలేదు. ఎవరూ బాధపడలేదు. సముద్రంలోంచి ఇంకో కొత్త విలన్ లేచి, మిగతా కథ రెండో భాగంలో అని అక్షరాలు పడ్డాయి. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం ఒక ప్రశ్న వదిలితే దేశమంతా రెండేళ్ళు దాన్నే నమిలింది. ఈ సినిమా వదిలిన ప్రశ్న ఏమిటో పార్కింగు దాకా కూడా ఎవరికీ గుర్తు లేదు. లిఫ్టులో అందరూ ఎలుక గురించే మాట్లాడుకున్నారు. ఎంతుంది, ఎటు పోయింది, ఎవరి కాలి మీదనించి పోయింది. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతున్నారు. కథ అంటే అలా ఇంటికి వెంట రావాలి.

వీరతాడు వెయ్యడం అంటూ జరిగితే దాని మెడలోనే వెయ్యాలి. లంగరు మోసినాయన ఒంటికి చెమట కూడా పట్టలేదు.

బండి తీస్తూ మేనల్లుడు అన్నాడు: "వచ్చే దసరాకి పార్ట్ టూ మావయ్యా. టిక్కెట్లు నేనే బుక్ చేస్తాను. వస్తావుగా?"

"ఎలుక ఉంటుందా?" అన్నాను.